రేవు కట్టిన చెయ్యి

మధ్యాహ్న మార్తాండుడు నడినెత్తిన నిలిచి నిప్పులు చెరుగుతున్నాడు. సింధుమేఖల రాజ్యానికి తూర్పు వాకిలి వంటి శంఖద్వారం రేవు ఆ ఎండలో కరగబోసిన వెండిలా ధగధగలాడుతోంది. అర్ధచంద్రాకారంలో కడలిలోకి చొచ్చుకుపోయిన నల్లరాతి కట్ట; కట్ట కొసన ఆకాశాన్ని పొడుస్తున్న దీపస్తంభం; స్తంభానికీ ఎదుటి కొండకొమ్ముకూ నడుమ నీళ్లకు అడ్డంగా వేలాడే ఇనుప గొలుసు; ఆ గొలుసు లోపల, రెక్కలు ముడిచిన హంసల గుంపులా నిలిచిన దంతద్వీపపు ఓడలు! ఓడల పక్కల్లో చెక్కిన సింహాల నోళ్లలోంచి ఫిరంగులు తొంగిచూస్తున్నాయి. లవంగాల ఘాటు, తారు కంపు, ఎండుచేపల వాసన కలిసి గాలిలో సుడులు తిరుగుతున్నాయి.

కోట గుమ్మం ముందు జనం చీమలబారు కట్టారు. ఆ బారులో ఒక కొండజెట్టి నిలబడి ఉన్నాడు. ఒళ్లంతా జేగురుమన్ను, దాని మీద నూనె. నడుముకు బిగించి కట్టిన కాసె, కుడి దండకు బెత్తెడు వెడల్పు తోలుపట్టా. చూసినవాళ్లకు అతను పండగ కుస్తీలకు దిగొచ్చిన మల్లుడు. కాని ఆ తోలుపట్టా మడతలో, చేతికి తొడగకుండా, పగడాల కంకణం ఒకటి దాగి ఉంది. ఆ జేగురుమన్ను కింద ఉన్నవాడు సింధుమేఖల యువరాజు అరిందముడు.

నిన్న ఈ వేళకు అతని వెంట పట్టుగుడారాలూ, మేలుజాతి గుర్రాలూ, అంగరక్షకులూ ఉన్నారు. తండ్రి విశ్వంభర మహారాజు కంకణాన్ని కొడుకు చేతిలో పెట్టి, "శంఖద్వారం కట్టిన దంతద్వీపపు హెర్గన్ దొర చేతికి దీన్ని తొడిగి రా, నాయనా. రేవు మీద పెత్తనం తరతరాలా అతనిదే" అని పంపాడు. ఆ కంకణాన్ని రాజవంశానికి ఇచ్చింది జలకరాళి. పగడపు దిబ్బల అడుగున పడుకుని ఉండే ఆ సముద్రశక్తి పూర్వం ఎప్పుడో ఒడ్డుకు వచ్చి, "నా గుమ్మంలో రేవు కట్టినవాడికి ఇది తొడగండి. వాడు నా బిడ్డ, వాడి ఓడలకు నా అలలు దారి ఇస్తాయి. కట్టనివాడు తొడిగితే ఆ చెయ్యి నాది" అని చెప్పి మునిగిపోయిందట. మహారాజుకు ఈ కథ మీద నమ్మకం లేదు. దొర కానుకగా పంపిన నిలువుటద్దాల మీద, గంటలు కొట్టే గడియారాల మీద నమ్మకం ఉంది.

వెదురు అడవిలో మాంత్రికుడు అస్థిమాలి మనుషులు మాటు వేసి దారి కాచారు. ఈటెల వానలో అంగరక్షకులు నిలిచినవాళ్లు నిలిచినట్టే కూలిపోయారు. చచ్చిన గుర్రం కింద కాలు చిక్కి, గొంతు మీద కత్తి ఆనిన క్షణంలో అరిందముణ్ణి కాపాడింది ఒక తెడ్డు. కత్తి పట్టినవాడి పుర్రె పగలగొట్టిన ఆ తెడ్డు మనిషే ఇప్పుడు అతని వెనక, నెత్తిన చేపల గంపతో నిలబడి ఉంది. కంకణం వస్తోందని విని యువరాజుకు ఎదురొచ్చిన జాలరి పిల్ల. పేరు నూకాలు.

"కంకణం అస్థిమాలికి ఎందుకు?" అని అప్పుడు అడిగాడు అరిందముడు.

"రేవు తన మంత్రంతో కట్టినానంటాడు ఆడు. దొరేమో తన డబ్బుతో కట్టినానంటాడు. ఇద్దరూ అబద్దమే. ఓడ బద్దలై సావబోతున్న దొరని ఒడ్డుకి లాగింది మా అయ్య, సరంగు పోలయ్య. దిబ్బల మద్దిన దారి సూపింది మా అయ్య. కట్టకి తొలిరాయి ఏసింది మా అయ్య. కట్ట పూర్తయిన్నాడే మనిషి మాయమైపోనాడు."

"అయితే కంకణం మీ తండ్రిదే. ఈ కీర్తి ఆయనకు దక్కేలా చేస్తాను. నా మాట నమ్ము."

"పేరు మాకేటి సేసుకోడానికి బాబూ? పెనం మీద ఏపుకుంటామా? గొలుసు గది కింద ఎవులో మూలుగుతున్నారని సేపలమ్మే ఆడోళ్లు సెప్తన్నారు. నాను పోయి సెవి పెట్టి ఇన్నాను. మా అయ్య గొంతే. మా అయ్యని నాకు తెచ్చి ఇయ్యి. పేరు కావలసినోళ్లు పేరు కోసం కొట్టుకు సావనీ."

అలా కుదిరిన ఒప్పందంతోనే ఇద్దరూ ఈ గుమ్మం ముందుకు వచ్చారు.

గుమ్మానికి అవతల, కట్ట నడిమధ్య, ఎర్రపట్టు కప్పిన నిలువెత్తు విగ్రహం ఒకటి కనిపిస్తోంది. దండోరావాడు గొంతు చించుకుంటున్నాడు. "వినండహో! అలలకు కళ్లెం వేసిన వీరుడు, ఇసుకలో బంగారం పండించిన ధీరుడు, శంఖద్వారం నిర్మాత హెర్గన్ దొరవారి విగ్రహానికి నేడే ముసుగు తీస్తారహో!" ఆ మాట పూర్తి కాకుండానే గోడ నీడలో బారులు తీరిన అస్థిమాలి శిష్యులు ఎముకలు ఒకదానికొకటి కొట్టి, "మంత్రం కట్టిన రేవు! మా గురువు కట్టిన రేవు!" అని అరిచారు. తుపాకులు పట్టిన దొర సిపాయిలు వాళ్లకేసి ఉరిమి చూశారు.

"జెట్టీ! ఇలా రా!" అని గుమ్మం లోంచి పిలిచాడు గుండుభీముడు. దొర పెట్టుకున్న ద్వారపాలకుడు వాడు. తాటిమొద్దుల్లాంటి తొడలు, గుండ్రాయిలాంటి తల. కుస్తీలకు వచ్చిన ఏ మల్లుడైనా ముందు వాణ్ణి పడగొట్టాలి. పడగొట్టలేకపోయినవాళ్లు అప్పటికే గోడవార పడి మూలుగుతున్నారు. ఒకడికి దవడ జారిపోయింది. ఒకడు రక్తం కక్కుకుంటున్నాడు.

అరిందముడు తొడ చరిచి ముందుకు దూకాడు. గుండుభీముడు ఏనుగులా వచ్చి మీద పడ్డాడు. అరిందముడి పక్కటెముకలు పటపటమన్నాయి. వాడు యువరాజును ఎత్తి నేలకేసి కొట్టాడు, మోకాలు గుండె మీద మోపాడు, బొటనవేళ్లు కళ్లలోకి దించబోయాడు. జేగురు కలిసిన నూనె వల్ల పట్టు జారింది. ఆ జారడంలో అరిందముడు పాములా మెలిదిరిగి, వాడి మణికట్టు దొరకపుచ్చుకుని, భుజం మీదుగా వెనక్కి విరిచాడు. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. మోచేతి దగ్గర ఎముక తెల్లగా చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. గుండుభీముడు పెట్టిన కేకకు దీపస్తంభం మీది పావురాలు లేచిపోయాయి. అరిందముడు వాడి గుండ్రాయి తలను రెండు చేతులా పట్టి గుమ్మపు కమ్మీకేసి కొట్టాడు. ఆ తల మళ్లీ లేవలేదు.

జనం ఈలలు వేశారు. అరిందముడు ఒగరుస్తూ గుమ్మం దాటబోతుండగా అస్థిమాలి శిష్యుడొకడు అడ్డం వచ్చాడు. వాడి చేతిలోని పుర్రె పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"దండకు ఏమిటది? విప్పు!"

"దెబ్బ తగిలి కట్టుకున్నాను, సామీ."

"పుర్రె అబద్ధం చెప్పదు. విప్పు!" అంటూ వాడు తోలుపట్టా మీద చెయ్యి వేశాడు.

ఆ చెయ్యి అక్కడే తెగి కింద పడింది. నూకాలు నెత్తిన గంపలో ఉన్నవి కత్తుల్లా పొడవుగా మెరిసే సావడా చేపలు. వాటి నడుమ దాచిన అసలు కత్తి ఇప్పుడు ఆమె చేతిలో ఉంది.

"పరిగెట్టు బాబూ!"

గంపెడు చేపలూ వెంటబడినవాళ్ల కాళ్ల కింద పోసి ఆమె ముందు ఉరికింది. సిపాయిలూ శిష్యులూ ఆ చేపల మీద జారి ఒకరి మీద ఒకరు పడ్డారు. ఎవడి తుపాకో పేలింది. దొర సిపాయి కాల్చిన గుండుకు అస్థిమాలి శిష్యుడు చచ్చాడు. అంతే! ఎన్నాళ్లనుంచో రగులుతున్న పగ భగ్గుమంది. ఎముక గదలు సిపాయిల పుర్రెల మీద మోగాయి, తుపాకుల కొసన ఉన్న బాకులు శిష్యుల కడుపుల్లో దిగాయి. పండగకు వచ్చిన జనం పిల్లల్ని చంకనేసుకుని పట్నం వైపు పారిపోయారు. ఆ గందరగోళంలో ఇద్దరూ కట్ట వెంట పరిగెత్తి, దీపస్తంభం మొదట్లో ఉన్న గొలుసు గదిలోకి దూసుకుపోయారు.

రేవు గొలుసును చుట్టే పెద్ద కొయ్య రాట్నం ఉందక్కడ. కాపలావాళ్లు లేచేలోగా అరిందముడు నూకాలు చేతిలోని కత్తి అందుకున్నాడు. మొదటివాడి ఈటెను రెండుగా నరికి, అదే వేటుకు వాడి మెడను సగం తెంపాడు. రెండోవాడు రాట్నం వెనక నక్కి కొరడా విసిరాడు. అది అరిందముడి మెడకు చుట్టుకుంది. కళ్లు బైర్లు కమ్ముతున్నా అతను కొరడాను తన వైపే గుంజాడు. కొరడాతోపాటు వచ్చిపడిన మనిషి కత్తి మొనకు గుచ్చుకున్నాడు. నూకాలు అప్పటికే నేలలోని ఇనుప తలుపు ఎత్తి పట్టుకుని ఉంది. కింద చీకటి గుహ. పాచిపట్టిన మెట్లు.

గుహలో, మోకాలి లోతు ఉప్పునీళ్లలో, బండకు ఆనించి ఉన్నాడు సరంగు పోలయ్య. ఒకనాడు తుఫానుకు ఎదురు తెడ్డు వేసిన ఆ మనిషి ఇప్పుడు ఎండిన రొయ్యలా ముడుచుకుపోయాడు. అతని ఎడమ భుజంలోంచి వెనకబండలోకి ఒక ఎముక మేకు దిగి ఉంది. మేకు చుట్టూ రక్తం బొట్టుబొట్టుగా ఊరి, బండలో చెక్కిన సన్నటి గాడి వెంట సముద్రంలోకి జారుతోంది.

"అయ్యా!"

ముసలాడు తలెత్తాడు. కూతుర్ని గుర్తుపట్టి నవ్వబోయాడు గాని పెదవులు పగిలి నవ్వు రాలేదు. "నూకాలా... ఎందుకొచ్చినావే? మేకు ముట్టుకోకు. జలకరాళి తల్లి నిద్రలో నా నెత్తురు వాసన పీలుత్తాది. తన రేవు కట్టినోడు ఇక్కడే ఉన్నాడనుకుని పడుకుంటాది. మేకు పీకితే లెగుత్తాది. లేచిందంటే రేవు ఉండదు, ఊరుండదు. అస్థిమాలి ఎత్తు ఇదే. నా నెత్తుటితో తల్లిని జోకొట్టి, అలల్ని తన మంత్రం ఆపుతున్నాదని దొరని నమ్మించినాడు."

అరిందముడు సముద్రంలోకి జారే ఆ నెత్తుటి గాడి వెంట చూశాడు. తన తండ్రి గర్వంగా చెప్పుకునే రేవు, రాజ్యం బొక్కసం నింపే రేవు, ఈ ముసలివాడి నెత్తుటి బొట్టు మీద నిలబడి ఉంది! మేకు పీకితే పట్నం మునుగుతుంది. పీకకపోతే ఈ మనిషికి చావు కూడా లేదు.

"నూకాలూ, ఒక్క క్షణం ఆగు. ఊళ్లో వేలమంది..."

"ఆ ఏలమందీ మా అయ్యని ఎతికినారా బాబూ?" అంది నూకాలు. కాలు బండకు తన్నిపెట్టి, రెండు చేతులా మేకు పట్టుకుని, గట్టిగా అరుస్తూ పీకేసింది.

పోలయ్య ఆమె మీదకు ఒరిగిపోయాడు. గుహ అడుగున ఎక్కడో, ఎంతో లోతున, పెద్ద శ్వాస ఒకటి ఆగి మళ్లీ మొదలైనట్టయింది. మోకాలి లోతు నీళ్లు గుటకవేసినట్టు వెనక్కి లాగేసుకున్నాయి.

"పీకేశారూ!" అని మెట్ల మీంచి వినిపించింది.

అస్థిమాలి నిలబడి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, ఒంటినిండా వెన్నెముకల దండలు. కనుబొమలు లేవు. వాడు మెడలోంచి గుప్పెడు వేలెముకలు తెంపి మెట్ల మీద చల్లాడు. ఒక్కో ఎముకా లేచి, పెరిగి, కంకాళమై, పక్కటెముకనే కత్తిగా పీకి పట్టుకుంది.

"కంకణం ఇచ్చి ముసలాణ్ణి తీసుకుపో, యువరాజా! జలకరాళి లేచేలోగా అది నా చేతికి ఉండాలి!"

అరిందముడు జవాబుగా మొదటి కంకాళం తల ఎగరగొట్టాడు. తల లేకుండానే అది కత్తి దూసింది. అతని తొడ చీరుకుపోయింది. నరికితే లాభం లేదని తెలిసి, కీళ్లు చూసి కాళ్లు విరగ్గొట్టడం మొదలుపెట్టాడు. పడినవి పాకుతూ వచ్చి మడమలు కొరుకుతున్నాయి. నూకాలు తండ్రిని వీపున వేసుకుని, పీకిన మేకునే ఆయుధంగా పట్టుకుని పొడుస్తూ దారి చేసుకుంటోంది. ఆ మేకు తగిలిన కంకాళమల్లా పొడిపొడిగా రాలిపోతోంది. ఆ సందులో వెనకనుంచి ఒక ఎముక చెయ్యి అరిందముడి తోలుపట్టాను చర్మంతోపాటు చీల్చి పైకి విసిరింది. రక్తంలో తడిసిన పగడాల కంకణం గాలిలో ఎగిరి అస్థిమాలి చేతిలో పడింది.

వాడు కిలకిలా నవ్వి, మెట్లెక్కి, గొలుసు గది దాటి ఎండలో కాలు పెట్టాడు. ఢాం అని తుపాకీ మోత. మాంత్రికుడు కడుపు పట్టుకుని మోకాళ్ల మీద కూలాడు. ఎదురుగా పొగలు చిమ్మే తుపాకీతో హెర్గన్ దొర!

ఎర్రగడ్డం, బంగారు గుండీల చొక్కా, టోపీకి నెమలి ఈక. కట్ట మీద అతని సిపాయిలు మిగిలిన శిష్యుల్ని ఒక్కొక్కణ్ణీ పొడిచి నీళ్లలోకి తోస్తున్నారు. దొర వంగి, అస్థిమాలి గుప్పిట మీద బూటుకాలు వేసి నొక్కి, వేళ్లు విరిచి కంకణం తీసుకున్నాడు.

మిగిలిన కంకాళాల్ని దాటుకుని, తండ్రిని మోస్తున్న నూకాలుతో మెట్లెక్కి వచ్చిన అరిందముడు ఆయాసంతో అరిచాడు. "దొరా! తొడగవద్దు! నేను సింధుమేఖల యువరాజును. ఆ కంకణం నీది కాదు!"

"నీ తండ్రి నాకు పంపిన కానుకే కదా, యువరాజా! ఆలస్యంగా తెచ్చావు. పరవాలేదు." దొర కంకణాన్ని కుడిచేతికి ఎక్కించి, చెయ్యి పైకెత్తి అందరికీ చూపించాడు. "శంఖద్వారం నాది!"

ఓడల మీది ఫిరంగులు వందనంగా మోగాయి. విగ్రహం మీది ఎర్రపట్టు జారిపడింది. తళతళలాడే ఇత్తడి హెర్గన్ దొర బయటపడ్డాడు.

ఫిరంగుల మోత ఇంకా చెవుల్లో గింగురుమంటుండగానే సముద్రం వెనక్కి పోయింది. చాప చుట్టినట్టు చుట్టుకుంటూ దిబ్బల అవతలకు పోయింది. ఓడలు బురదలో ఒరిగిపోయాయి. పాచి పట్టిన పగడాలు, నోళ్లు తెరిచి కొట్టుకునే చేపలు, ఎప్పుడో మునిగినవాళ్ల ఎముకలు ఎండకు బయటపడ్డాయి. ఆ చివరన, ఆకాశం అంచున, నల్లటి నీటికొండ ఒకటి లేచింది. ఆ కొండకు ముఖం ఉంది. నాచు జడలు, తిమింగలాల దవడలు చెవులకు కుండలాలు, కళ్లలో బడబాగ్ని, మెడలో విరిగిన లంగర్ల హారం. జలకరాళి!

"నా గుమ్మంలో రేవు కట్టింది ఎవడు?"

ఆ గొంతుకు కోట కిటికీ అద్దాలు పగిలిపోయాయి. సిపాయిలు తుపాకులు పారేశారు. హెర్గన్ దొర మాత్రం పారిపోలేదు. మనిషి ఎలాంటివాడైనా పిరికివాడు కాదు.

"నేను! సముద్రాలు దాటి వచ్చినవాణ్ణి నేను. నేను రాకముందు ఇక్కడ ఇసుకా నత్తగుల్లలూ తప్ప ఏమున్నాయి? ధనం నాది. ఆలోచన నాది!"

"చెయ్యి చూపించు."

దొర చెయ్యి చాచాడు. జలకరాళి ముఖం కట్ట మీదికి వంగింది. "కంకణం నాదే. కాని ఈ అరచేతిలో నా రాయి ఏదీ గీత పెట్టలేదే!"

నీళ్లతో చేసిన పళ్లు ఒక్కసారి మూసుకున్నాయి. మోచేతి కింద తెగిన దొర చెయ్యి కంకణంతో సహా కట్ట మీద పడి దొర్లింది. దొర దాన్ని చూసుకున్నాడు. నమ్మలేనట్టు ఇంకోసారి చూసుకున్నాడు. మరుక్షణం ఒక అల అతణ్ణి నడుము దగ్గర పట్టుకుని, తన ఇత్తడి విగ్రహానికే వేసి కొట్టింది. విగ్రహం వంగిపోయింది. అల వెనక్కి తగ్గేసరికి దొర లేడు. నెమలి ఈక ఒకటి నురగలో తేలుతోంది. సిపాయిలు నలుదిక్కులా పరుగు తీశారు. అల వాళ్లను వదల్లేదు. కొందరిని బురదలో తొక్కింది, కొందరిని ఓడ కొయ్యలకు గుచ్చింది. తర్వాత ఆ నీటికొండ పట్నం వైపు తిరిగింది.

"ఆగు తల్లీ!"

కూతురి వీపు మీంచి జారి దిగిన పోలయ్య తూలుతూ కట్ట అంచుకు వచ్చాడు. భుజంలోంచి నెత్తురు కారుతూనే ఉంది. జలకరాళి ఆగింది. ముక్కుపుటాలు ఎగరేసి ఆ వాసన పీల్చింది.

"నిద్రలో నాకు తెలిసిన నెత్తురిది. నువ్వే కదా కట్టినవాడివి? అవునని చెప్పు. ఆ కంకణం తీసి తొడుక్కో. ఊరిని వదిలేస్తాను."

'అవును' అనమని అరిందముడు మనసులోనే మొక్కాడు. ఒక్క మాట. ఆ మాటతో అంతా తేలిపోతుంది. నూకాలు కూడా తండ్రి వైపే చూస్తోంది.

పోలయ్య తల అడ్డంగా ఊపాడు. "దారి సూపినాను తల్లీ. దారి సూపినోడు కట్టినోడైపోతాడా? గోనెల్లో రాళ్లు మోసింది మా ఆడోళ్లు. సిట్టెమ్మ కడుపుతో ఉండి మోసింది. కట్ట మీదే కని, కట్ట మీదే పోయింది. గిలకలేసి పెద్ద బండలు దించడం నేర్పినోడు దొరల ఓడ వడ్రంగి. ఆడి పేరు మాకు నోరు తిరిగేదే కాదు. జెరం తగిలి మా పాకలోనే కన్నుమూసినాడు. ఈ నీళ్లడుగున సూడు, నీ కాళ్ల కాడ, రాళ్ల కింద పడి నలిగిపోయినోళ్లు ఎందరున్నారో. ఆళ్లందరి మీంచి నడిసెళ్లి ఇది నాదని నాను ఎలా అనేది?"

జలకరాళి తన కాళ్ల దగ్గరి నీళ్లలోకి వంగి చూసింది. ఆమె జడల్లోంచి నీళ్లు ధారలుగా కారాయి.

"చేతులు వందలంటున్నావు. కంకణం ఒక్కటే."

"ఆ మేకు మీద ఏలాడినన్నాళ్లూ నానూ అదే ఆలోసించినాను తల్లీ. తెగలేదు."

"తెగ్గొట్టడం నా పని కాదు, మనుషుల పని. కంకణం ఏది? నా ముందు పెట్టండి."

అందరూ ఒక్కసారే కట్ట మీదికి చూశారు. తెగిన చెయ్యి పడిన చోట నెత్తుటి మరక మాత్రమే ఉంది. ఆ మరక నుంచి సన్నటి గీత ఒకటి దీపస్తంభం వెనక్కి పోయింది. కడుపులో గుండు దిగిన అస్థిమాలి పాక్కుంటూ వచ్చి దాన్ని అందుకున్నాడు! అరిందముడు కత్తి ఎత్తి ఉరికేలోగా వాడి వెన్నెముక దండలు ఈకలై విచ్చుకున్నాయి. మెడ సాగింది, ముక్కు వంగింది. ఏనుగంత రాబందు ఒకటి దొర చేతిని గోళ్లలో ఇరికించుకుని, రక్తం ఓడుతూ, బరువుగా రెక్కలు కొట్టింది.

జలకరాళి పైకి చెయ్యి చాచింది. నీటివేళ్లు రాబందు తోకను తాకి, ఆపైన ఆవిరైపోయాయి. "నీళ్లు దాటి నేను రాలేను," అని ఆమె గర్జించింది. "రాకుమారా! అది మీ వంశానికి నేను అప్పగించిన వస్తువు. వచ్చే పున్నమి పోటులోగా తెచ్చి, ఏ చేతికి తొడగాలో తేల్చి నాకు చెప్పండి. అంతవరకూ ఈ ముసలివాడు నా దగ్గర తాకట్టు. తేకపోతే ఊరూ, రేవూ, ఇతనూ నాతో అడుగుకు పోతారు!"

అద్దంలాంటి నీటిగోళం ఒకటి పోలయ్య చుట్టూ మూసుకుంది. "అయ్యా!" అంటూ నూకాలు దాన్ని పిడికిళ్లతో గుద్దింది. లోపలినుంచి ముసలాడు ఆమెనే చూస్తూ ఆకాశం వైపు వేలు చూపించాడు.

నూకాలు వెనక్కి తిరిగింది. కట్ట పక్కన బురదలో ఒరిగిన పడవ మీద ఎవరిదో విసురు వల ఆరేసి ఉంది. ఆమె ఒక్క దూకుకు దిగి దాన్ని లాక్కుని, తాడు మణికట్టుకు చుట్టుకుంది. వల అంచు పళ్లతో కరిచిపట్టి, నడుము తిప్పి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరింది. గొడుగులా విచ్చుకున్న వల, అప్పుడే కట్ట దాటుతున్న రాబందు కాళ్లకు చుట్టుకుంది. తాడు బిగుసుకుంది. నూకాలు కాళ్లు నేల వదిలాయి. అరిందముడు కట్ట మీంచి దూకి ఆమె నడుము పట్టుకున్నాడు.

రాబందు అరిచి ఒక్కసారి కిందికి జారింది, మళ్లీ లేచింది. పట్నం మిద్దెలు, వంగిన ఇత్తడి విగ్రహం, ఒరిగిన ఓడలు చూస్తుండగానే బొమ్మల్లా చిన్నవైపోయాయి. కింద అంతా నీలం. ఎటు చూసినా నీలం. వల తాడు నూకాలు మణికట్టు కోస్తోంది. ఆ నెత్తురు అరిందముడి ముఖం మీద చినుకుల్లా పడుతోంది.

రాబందు మెడ వంచి, వంకర ముక్కుతో వల తాళ్లు కొరకడం మొదలుపెట్టింది. ఒక తాడు తెగింది.

"బయపడకు బాబూ," అంది నూకాలు పళ్ల బిగువున. "కింద నీళ్లే కదా! పడినా ఈదుకుంటూ పోదారి. నీకు ఈత వచ్చా?"

అరిందముడు కిందికి చూసి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"రాదు."

"ఏటీ! సముద్రం ఉన్న రాజ్యానికి రాజు కొడుకువి, ఈత రాదా?"

"ఎవరూ నేర్పలేదు!"

ఇంకో తాడు తెగింది. నూకాలు కాళ్లు రెండూ అతని చుట్టూ పెనవేసి బిగించింది. "అయితే ఇను. నీళ్లలో పడ్డాక నన్ను పట్టుకోకు. నన్ను పట్టుకుంటే ఇద్దరం మునిగిపోతాం. నానే నిన్ను పట్టుకుంటాను. ఊపిరి బిగపట్టు... ఇప్పుడే!"

చివరి తాడు తెగింది.